వంటింటి దాకా భాష

వెన్న ఫ్రిజ్‌లో ఎవరు పెట్టారన్న దగ్గర మొదలైంది ఆ ఉదయం గొడవ.

"ఇది వెన్నా, ఇటుకా?" అన్నాడు మా ఆయన రొమెక్, రొట్టె ముక్క మీద కత్తితో అదుముతూ. రొట్టె మధ్యలో చిల్లు పడింది.

"నా కాలంలో వెన్న బల్ల మీదే ఉండేది" అంది మా అత్తగారు గెనొవెఫా, కిటికీ పక్క కుర్చీలోంచి.

"ఈగలు కూడా దాని మీదే ఉండేవి" అన్నాను నేను.

"ఈగ ఎంత తింటుంది పాపం?"

"నిన్న కరిగి గిన్నెలోంచి కారిందని అరిచింది నువ్వే కదమ్మా" అన్నాడు రొమెక్.

"కారిందన్నాను. బండరాయి చెయ్యమన్నానా?"

ఈ మాటల మధ్యలో, మా అత్తగారిని చూసుకోడానికి వచ్చిన ఎతేరి సామాను గదిలోకి వెళ్ళి, మెత్తటి వెన్న ఇంకో కట్ట ఉందేమోనని వెతికి, ఉత్త చేతులతో గుమ్మంలో నిలబడింది. మా ఇంటికి వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. "వెన్న లేదు" అంది మా పోలిష్ భాషలో. అర్థం అందరికీ తెలిసింది. కానీ వెన్న అన్న మాట చివర మార్చకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

నాకు ఒక జబ్బుంది. పెళ్ళికి ముందు లూబ్లిన్‌లో పోలిష్ భాషా సాహిత్యాలు చదివి పట్టా తెచ్చుకున్నాను. ఒక్క రోజు కూడా పాఠం చెప్పలేదు. దాంతో ఆ చదువంతా ఇంట్లోవాళ్ళ తప్పులు దిద్దడానికే ఖర్చయింది.

"ఉన్నప్పుడు మాస్వో" అన్నాను. "లేనప్పుడు మాస్వా. మా దగ్గర వస్తువు కనబడకుండా పోతే దాని పేరు కూడా ముఖం మార్చుకుంటుంది."

"పొద్దున్నే మొదలెట్టింది" అన్నాడు రొమెక్.

ఎతేరి మాత్రం అక్కడే నిలబడి ఆలోచించింది. "పాలు లేకపోతే?"

"ఉంటే మ్లెకో, లేకపోతే మ్లెకా."

"రొమెక్ గారు లేకపోతే?"

"అసలు పేరు రొముయాల్ద్ కదా, కాస్తా రొముయాల్దా అవుతాడు."

"బామ్మగారు లేకపోతే?"

"నేనింకా ఉన్నాను" అంది మా అత్తగారు. "నా పేరు జోలికి రాకండి."

అందరం నవ్వాం. వెన్న సంగతి మరిచిపోయి రొట్టెలో ఊరగాయ దోసకాయ పెట్టుకుని తిన్నాం.

మే నెలలో నేలమాళిగ మెట్ల మీద జారి మా అత్తగారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. నాలుగు కాళ్ళ చట్రం పట్టుకుని నడవగలదు. కానీ చట్రంతో వీధిలోకి రానంది. చర్చికి వెళ్ళడం కూడా మానేసింది. "నలభై ఏళ్ళు ఆ బెంచీ దాకా నా కాళ్ళ మీద నడిచాను. ఇప్పుడు ఆ ఇనప మేకను తోలుకుంటూ వెళ్ళనా?" అంది. జూన్ చివరికి ఆవిడ పనులు, ఇంటి పని, క్రాష్నిక్ చుట్టుపక్కల అందరిలాగే మాకూ ఉన్న రాస్‌బెర్రీ తోట పని కలిసి నా నడుము విరగడానికి సిద్ధమైనప్పుడు, తోటలో కోతలకి వచ్చిన జార్జియా దేశంవాళ్ళలోంచి రొమెక్ ఎతేరిని తీసుకొచ్చాడు. కుతాయిసిలో ఏడేళ్ళు నర్సుగా పనిచేసిందట.

ఆమెకు కావలసింది ఏమిటో మొదటి రోజే చెప్పేసింది. మా జిల్లా ఆస్పత్రిలో ముందు సహాయకురాలిగా చేరాలి. డిప్లొమా కాగితాలు తేలాక నర్సు కావాలి. జీతం కుదురుకుంటే, అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన తొమ్మిదేళ్ళ కూతురు లెలాను తెచ్చుకోవాలి. ఆస్పత్రిలో హెడ్ నర్సు కొర్నేలియా గారు ఖాళీ ఉందని, మాట్లాడటం వస్తే చాలని చెప్పిందట. కావలసిందల్లా భాష.

"నేర్పుతాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు నిజంగానే సంతోషం వేసింది.

పుస్తకం ముట్టుకోలేదు నేను. ఏడు విభక్తుల పట్టిక ముందేసుకుని కూర్చుంటే ఎవరికైనా నిద్రే వస్తుంది. పండ్ల పెట్టెలకు అంటించే కాగితాల వెనకవైపు రోజుకొక వాక్యం రాసి, ఆ వాక్యం ఎక్కడ పనికొస్తుందో అక్కడ అంటించేదాన్ని. టీ డబ్బా మీద 'చక్కెర లేకుండా తాగుతాను'. కత్తుల సొరుగు మీద 'కత్తితో కోస్తాను'. కిటికీ మీద 'కిటికీలోంచి బామ్మగారు చూస్తున్నారు'. ఆ వాక్యంలో ఒక్క మాట మార్చి సాయంత్రంలోగా పది వాక్యాలు చెయ్యాలి. కత్తితో, చెంచాతో, చేత్తో. కిటికీలోంచి, గుమ్మంలోంచి, జేబులోంచి. మాట చివర ఎందుకు మారిందో నేను చెప్పేదాన్ని కాదు. పదోసారికి తనే చెప్పేది.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. మా భాషలో 'నేను చేశాను' అంటేనే చెప్పేది ఆడమనిషో మగమనిషో తెలిసిపోతుంది. తోటలో రొమెక్, అతని పనివాళ్ళ దగ్గర మాటలు పట్టుకున్నందువల్ల ఎతేరి వచ్చిన కొత్తలో మగవాడిలా మాట్లాడింది. "నేను గిన్నెలు కడిగేశాను" అని ఆమె గంభీరంగా అంటుంటే మా అత్తగారు కళ్ళు మూసుకుని, "ఈ ఇంట్లో ఒక మగాడు గిన్నెలు కడిగానని చెప్పడం వినడానికి ఎనభై ఏళ్ళు బతకాల్సొచ్చింది" అంది.

జూలై అలా గడిచింది. దోసకాయలు ఊరబెట్టాం. కొత్త బంగాళాదుంపలు ఉడికించి, సోయకూర చల్లి, గడ్డ పెరుగుతో తిన్నాం. మధ్యాహ్నం మా అత్తగారికి స్నానం, కాళ్ళకు వ్యాయామం, మందులు అన్నీ ఎతేరి చూసుకునేది. ఒంటిగంట నుంచి మూడు దాకా నాకు పనే ఉండేది కాదు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అలాంటిది జరగలేదు. సైకిలేసుకుని లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఒక్కోసారి ఏమీ చదవకుండా అక్కడే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. తిరిగొచ్చేసరికి వంటింట్లో ఇద్దరూ పోట్లాడుకుంటూ ఉండేవారు.

"బామ్మా, సూపు తినండి, చల్లారుతుంది."

"ఇది సూపు కాదు, వేడినీళ్ళు."

"వేడినీళ్ళు అయితే వేడిగా ఉండగానే తాగండి."

గుమ్మంలో నిలబడి వింటూ, ఆ వాక్యంలో ఒక్క తప్పూ లేదని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆగస్టు పదిహేనున మరియమాత పండుగ. పూలూ ఓషధులూ కట్టిన గుత్తిని చర్చిలో దీవింపజేసుకుని రావాలి. మా అత్తగారు రానందున ఆవిడ గుత్తిని ఎతేరి పట్టుకెళ్ళింది. ఆ తర్వాత రెండు రోజులకే కొర్నేలియా గారు ఫోన్ చేసి, ఒకసారి రండి, మాట్లాడి చూద్దాం అంది. ఎతేరి నీలం గౌను ఇస్త్రీ చేసుకుంది. నేనే కారులో తీసుకెళ్ళాను.

కొర్నేలియా గారు పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. మమ్మల్ని మగవాళ్ళ వార్డులోకి తీసుకెళ్ళి, తలుపు పక్క మంచం మీదున్న లారీ డ్రైవరును చూపించింది. కాలు విరిగి కట్టు వేసి ఉంది. మీసాలు గుబురుగా ఉన్నాయి. "ఈయనకి రక్తపరీక్షకు రక్తం తియ్యాలనుకోండి. సూదేం వద్దు. ఊరికే మాట్లాడండి, చాలు."

ఎతేరి మంచం దగ్గరికి వెళ్ళి, చక్కగా నవ్వి, "బుజ్జి చెయ్యి ఇలా ఇవ్వండి" అంది. "చిట్టి సూది. బుల్లి రక్తం. అయిపోతుంది."

వార్డంతా నవ్వింది.

"నాకు ఎన్నేళ్ళు అనుకుంటున్నారమ్మా మీరు?" అన్నాడు డ్రైవరు.

అది ఎవరి పాఠమో నాకు తెలుసు. మాలో పసిపిల్లలతో, ముసలివాళ్ళతో ఇలాగే ముద్దుచేసి మాట్లాడతాం. తుంటి విరిగినప్పటి నుంచి మా అత్తగారితో నా మాటలన్నీ అలాగే ఉన్నాయి. బుజ్జి సూపు, చిట్టి చెంచా, బుల్లి చెప్పులు. ఎతేరి అదే భాష అనుకుంది.

దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత డ్రైవరు మామూలుగా అడగడం మొదలుపెట్టాడు. పొద్దున వేసుకున్న మాత్ర దగ్గర్నుంచి ఛాతీలో మంటగా ఉంది, దానివల్లేనా? డాక్టరు సాయంత్రం వస్తాడా, రేపా? మా ఆవిడ పది గంటలకి షిఫ్టు దిగుతుంది, అప్పుడు రానిస్తారా? ఎతేరి అతని నోటివైపే చూస్తూ నిలబడింది. మెడ ఎర్రబడింది. చివరికి, తనకి తప్పు లేకుండా వచ్చిన వాక్యాల్లోంచి ఒకటి తీసి చెప్పింది.

"సూపు చల్లారకముందే తినండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్కడ సూపు లేదు.

వరండాలో కొర్నేలియా గారు నెమ్మదిగానే చెప్పింది. "చేతి పని తెలిసిన మనిషని చూస్తేనే తెలుస్తోంది. కానీ రోగి ఛాతీలో మంట అంటే అర్థం కాకపోతే నేను వార్డు ఎలా అప్పగించను? సెప్టెంబరు ఆఖరి శుక్రవారం రండి. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు."

తిరిగి వస్తుంటే ఊరి మలుపు దగ్గర ఎతేరి, "లెలాకి చెప్పాను, క్రిస్మస్‌కి ఇక్కడ ఉంటావని" అంది. ఆ వాక్యంలో కూడా తప్పు లేదు.

ఆ సాయంత్రం నేనూ మా అత్తగారూ తెల్ల చిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్నాం. ఎతేరి పైగదిలో ఉంది. జరిగిందంతా చెప్పాను. బుల్లి రక్తం దగ్గర ఆవిడ నవ్వింది. సూపు దగ్గర నవ్వలేదు. నాలుగైదు కాయలు వలిచాక, తల ఎత్తకుండానే అంది.

"ఆ పిల్లకి ఈ ఇంట్లో ఉండటానికి సరిపడా నేర్పావు మిర్కా. వెళ్ళిపోవడానికి సరిపడా నేర్పలేదు."

"నేను కావాలని అలా చెయ్యలేదమ్మా." అత్తగారినీ మేం అమ్మా అనే పిలుస్తాం.

"అన్నానా? నాకూ హాయిగానే ఉంది మరి."

కావాలని చెయ్యలేదన్నది నిజమే. కానీ ఆరు వారాల్లో ఒక్క కాగితమైనా ఇంటి గుమ్మం దాటలేదన్నది కూడా నిజం. మందుల షాపుకి వెళ్ళాలంటే నేనే వెళ్ళాను. డాక్టరుకి ఫోన్ చెయ్యాలంటే నేనే చేశాను. ఎతేరి మా అత్తగారి దగ్గర ఉంటే నాకు లైబ్రరీ కిటికీ ఉండేది. గింజలన్నీ ఒక గిన్నెలోకి, తొక్కలన్నీ కాగితంలోకి చేర్చి లేచాను.

మర్నాడు పొద్దున్నే లేచి టీ డబ్బా మీద, సొరుగు మీద, కిటికీ మీద అంటించిన కాగితాలన్నీ ఒలిచేశాను. జిగురు మరకలు వేడినీళ్ళతో తుడిచాను.

"ఇల్లంతా బోసిగా ఉందే" అన్నాడు రొమెక్.

"ఇకనుంచి పాఠం బయట" అన్నాను.

అంతలో మా అత్తగారి గదిలోంచి, "ఊపిరాడటం లేదు, ఎవరైనా రండి" అని కేక. చేతిలో గుడ్డ పడేసి పరుగెత్తాను. ఆవిడ దిండ్లకు ఆనుకుని, జుట్టు దువ్వుకుని, నిక్షేపంగా కూర్చుని ఉంది.

"నువ్వెందుకొచ్చావు?" అంది. "దాన్ని పిలువు."

ఆ రోజు నుంచి మా అత్తగారు ఎతేరి కోసం రోజుకొక రోగి వేషం కట్టింది. సోమవారం ఉబ్బసం, మంగళవారం చెవుడు. బుధవారం భార్య చచ్చిపోయిన ముసలాయన. ఆ రోజు మగవాడిలానే మాట్లాడింది. ఎతేరి ఆయన్ని ఓదార్చడానికి పది నిమిషాలు పట్టింది. గురువారం రోగి కాదు, రోగి కూతురు. వరండాలో అరిచే రకం. "మా అమ్మకి పొద్దున్నించి మంచినీళ్ళిచ్చిన దిక్కు లేదు, మీరంతా కాఫీలు తాగుతూ కూర్చున్నారు" అని ఆవిడ అంత సహజంగా అరిచేసరికి, ఎతేరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అరవడం ఆపి, "ఏడవకు. ఆమెకి కోపం నీ మీద కాదు. వాళ్ళమ్మ గురించి భయం. ఏం చెప్తావో చెప్పు" అంది. ఎతేరి ముక్కు తుడుచుకుని, "కూర్చోండి. ఏం జరిగిందో నేను కనుక్కుని వచ్చి చెప్తాను" అంది. ఆ వాక్యాన్ని ఆవిడ మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారికి, "ఇప్పుడు నాకు భయం తగ్గింది" అంది.

ముద్దు మాటలు నిషేధించాను. ఆదివారం దాకా ఎవరి నోట బుజ్జి, చిట్టి, బుల్లి వచ్చినా రెండు బుట్టల రాస్‌బెర్రీ కోసుకురావాలని షరతు. మొదట దొరికింది రొమెక్. శనివారం తోట నుంచి వచ్చి కుర్చీలో కూలబడుతూ, "మిర్కా, ఒక బుజ్జి బీరు" అన్నాడు.

"రెండు బుట్టలు" అంది ఎతేరి.

"అది బీరు కదా, దాన్ని ముద్దుగానే పిలవాలి."

"లారీ డ్రైవరుని కూడా నేను ముద్దుగానే పిలిచాను రొమెక్ గారూ."

రొమెక్ బుట్టలు తీసుకుని మళ్ళీ తోటలోకి వెళ్ళాడు.

నా మధ్యాహ్నాలు పోయాయి. మా అత్తగారు కునుకు తీసే వేళ, ఒంటిగంటకి ఎతేరిని కారెక్కించుకుని క్రాష్నిక్ వెళ్ళేదాన్ని. పోస్టాఫీసు, మందుల షాపు, బస్టాండు. నేను లోపలికి వెళ్ళేదాన్ని కాదు. బయట నిలబడేదాన్ని. దగ్గు మందు కొనడం కాదు, అందులో ఏముంది, ఎవరు తాగకూడదు, నిద్ర వస్తుందా అని కనుక్కుని రావాలి. ఒకసారి పోస్టాఫీసులోంచి అరగంట దాకా రాలేదు. కంగారుపడి అద్దంలోంచి చూస్తే, వరుసలో నిలబడ్డ ఒక పెద్దాయన ఆమెకి తన మోకాలి కథ చెబుతున్నాడు. ఎతేరి మధ్యమధ్యలో ఏదో అడుగుతోంది. ఆయన ప్యాంటు పైకి మడిచి చూపించబోతుంటే, "ఇక్కడ వద్దు" అందట. కారులో చెప్పి నవ్వింది.

మా భాషలో పనిని చెప్పే మాటలు జంటలుగా ఉంటాయి. చేస్తూ ఉన్నదానికి ఒకటి, చేసి ముగించినదానికి ఇంకొకటి. విదేశీయులకు అన్నిటికన్నా కష్టం ఇదేనంటారు. దీనికి నేను వారం రోజుల పాఠం తయారుచేసుకున్నాను. మా అత్తగారు ఒక్క ఉదయంతో తేల్చేసింది.

"మాత్ర వేసుకున్నారా బామ్మా?" అంది ఎతేరి.

ఆవిడ, 'వేసుకుంటూ ఉన్నాను' అనే అర్థం వచ్చే మాట వాడి, కిటికీలోంచి బయటికి చూసింది.

ఎతేరి రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి టీకప్పు సాసర్ ఎత్తింది. దాని కింద మాత్ర ఉంది.

"వేసుకుంటూ ఉన్నారు" అంది ఎతేరి. "ఇప్పుడు వేసేసుకోండి."

మా అత్తగారు మాత్ర మింగి, నావైపు తిరిగి, "ఈ పిల్ల ఇక నాకు పనికిరాదు. అన్నీ కనిపెట్టేస్తోంది" అంది. ఆ గొంతులో గర్వం ఉంది. నాకూ అదే ఉంది. దాని వెనకాల, ఇక ఎన్ని రోజులు అన్న లెక్క కూడా ఉంది.

సెప్టెంబరు ఆఖరి శుక్రవారం వాన. ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఈసారి ఆడవాళ్ళ వార్డు. తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఒక ముసలావిడ ఇంటికి పంపమని ఏడుస్తోంది. ఎతేరి గొంతు వినబడుతోంది కానీ మాటలు తెలియడం లేదు. ఒక ప్రశ్న, కాసేపు ఆగడం, ఇంకో ప్రశ్న. తప్పులు వెతకడానికే పుట్టిన నా చెవులు తలుపువైపు ఎంత సాగినా ఒక్క మాటా అందలేదు. కొంతసేపటికి ఏడుపు ఆగింది. తర్వాత ఆవిడ ఏదో పెద్ద కథ చెప్పడం మొదలుపెట్టింది. మేకల గురించి అనుకుంటాను. నేను వినడం మానేసి వానను చూస్తూ కూర్చున్నాను.

కొర్నేలియా గారు బయటికొచ్చింది. "సోమవారం పొద్దున ఆరింటికి" అంది ఎతేరితో. ఎతేరి తల ఊపి, గోడకి ఆనుకుని, రెండు చేతులతో ముఖం మూసుకుంది. ఫోన్ తీసి వరండా చివరికి నడిచింది. ఆ చివర ఆమె మాట్లాడిన భాష నాకు రాదు. లెలా అన్న పేరొక్కటే తెలిసింది.

"ఎవరు నేర్పారు?" అంది కొర్నేలియా గారు నాతో.

"మా అత్తగారూ నేనూ."

"మా దగ్గర ఇలా బయటి దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇంకా నలుగురున్నారు. ఇద్దరు వీళ్ళ దేశంవాళ్ళే. పట్టికలన్నీ కంఠస్థం, మంచం దగ్గరికి వెళ్తే నోరు పెగలదు. మంగళవారం, గురువారం సాయంత్రాలు మీరు రాగలరా? కింద భోజనాల హాలు ఖాళీగానే ఉంటుంది."

సోమవారం లోపల చెబుతానన్నాను. ఎతేరి వెళ్ళిపోతే పొద్దున్నించి పడుకునేదాకా మా అత్తగారి పనులన్నీ మళ్ళీ నావే. రొమెక్ తోట నుంచి వచ్చేది చీకటి పడ్డాకే. రెండు రోజులు కాగితం మీద గంటలు రాసుకుని కొట్టేసుకున్నాను. శనివారం సాయంత్రానికి కాగితం నిండిపోయింది, గంటలు మాత్రం పెరగలేదు. దాన్ని పొయ్యిలో వేసేశాను.

ఆదివారం మధ్యాహ్నం కోడి చారు, సన్నటి సేమ్యా. ఎతేరి కూడా మాతో బల్ల దగ్గర కూర్చుంది. సామాను అప్పటికే సర్దుకుంది. ఆస్పత్రి వెనక వీధిలో ఒక గది దొరికింది. రొమెక్ రెండోసారి చారు పోసుకునేదాకా ఆగాను.

"మంగళ, గురువారాలు సాయంత్రం నేను ఆస్పత్రిలో నలుగురు ఆడవాళ్ళకి పాఠం చెప్పబోతున్నాను" అన్నాను. "ఒప్పుకోవచ్చా అని అడగడం లేదు. ఒప్పుకున్నాను."

రొమెక్ చెంచా కింద పెట్టాడు. "మంచిదే. మరి అమ్మ దగ్గర ఎవరుంటారు?"

"నువ్వు ఆ రెండు రోజులు నాలుగింటికి వస్తావు."

"కోతలు అయ్యేదాకా ఎలా కుదురుతుంది మిర్కా? ఇంకా రెండు వారాలు."

"నన్ను మధ్యలో పెట్టి పంచుకోకండి" అంది మా అత్తగారు.

ఆవిడ సేమ్యా అంతా తినేసి, పళ్ళెం కొంచెం వంచి అడుగున ఉన్న చారు కూడా తాగింది. చేతిగుడ్డతో మూతి తుడుచుకుంది. ఎతేరివైపు చూసింది. ఎతేరి తల దించుకుంది.

"నా బూడిదరంగు కోటు బీరువాలోంచి తీసి గాలికి వెయ్యండి" అంది. "నేనూ వెళ్తున్నాను."

"ఎక్కడికమ్మా?" అన్నాడు రొమెక్.

"పాఠానికి. నలుగురు ఆడవాళ్ళు, ఎవరి దగ్గర మాట్లాడటం నేర్చుకుంటారు? దీని దగ్గరా? ఇది తప్పులు మాత్రమే వింటుంది."

"ఆ చట్రం పట్టుకునా? ఆస్పత్రిలో ఊరంతా ఉంటుంది, తెలుసుగా."

"ఉండనీ" అంది మా అత్తగారు. "మంగళవారం నాలుగున్నరకి బయల్దేరాలి. ముందు సీటు నాది."